నీళ్ళు అందని పేరు

పడమటి గట్టు
వరద నీరు పొలాలెక్కిన నెల

ప్రియమైన అక్కా,

నాకు మతి చెడలేదు. ముందు ఆ ముక్క రాసి, నీ క్షేమం తర్వాత అడుగుతాను.

మెనోన్ బాబాయి నీకేం రాశాడో నీ జవాబు చూస్తేనే అర్థమైంది. తల్లి పోయిన దిగులుతో పిల్ల ఏదేదో పలవరిస్తోంది, త్వరగా ఒక మగదిక్కు చూడాలి అని రాసి ఉంటాడు. నువ్వు నమ్మేశావు. దానిమ్మరసం తాగమనీ, ఎండలో తిరగవద్దనీ సలహాలు పంపావు. ఈ ఇంట్లో నా గురించి ఎప్పుడూ ఇంతే. చదువుకుంటానంటే మొండితనం. పెళ్ళి వద్దంటే పొగరు. చూసింది చూసినట్టు చెబితే పిచ్చి. నాన్న పోకముందు నాకు గ్రీకు రాత నేర్పాడు, గుడిలో మేనమామ ఐగుప్తు రాత నేర్పాడు. రెండు రాతలు వచ్చిన నా మాట కంటే, తన పేరు రాయడానికే చెమటలు పట్టే బాబాయి మాట నీకు గట్టిదైపోయింది.

చూసిందేమిటో రాస్తాను. తీర్పు నువ్వే చెప్పు.

అమ్మను పడమటి కొండలో, అమ్మమ్మ వాళ్ళ గుహలోనే పెట్టాం. అంతవరకు బాబాయి అడ్డు చెప్పలేదు. కాని శవపెట్టె మీద గ్రీకులో "ఐరీని, గుర్రపుదళం సైనికుడి భార్య" అని రాయించాడు. అంతే, ఇంకొక్క అక్షరం లేదు. "సెనమూన్ అని కూడా రాయించు బాబాయ్, అమ్మ పుట్టిన పేరు అదే కదా" అన్నాను. "మన వంశంలో ఆ పేర్లు లేవు" అన్నాడు. ఐరీని అనేది పెళ్ళినాడు కచేరిలో చెప్పడానికి తగిలించిన పేరు. ఆ పేరుతో పిలిస్తే అమ్మ పక్కింటావిడ కోసం చూసేది. అది నీకూ తెలుసు. ఏడేళ్ళదాకా ఈ ఇంట్లోనే పెరిగావు.

పోయినవాళ్ళకు వంతులవారీగా నీళ్ళు పోసే తమూత్ పెద్దమ్మ గుర్తుందా? వెడల్పు పాదాలు, గరగర గొంతు. మొదటి వంతు నాడు ఆవిడతో పాటు కొండకు వెళ్ళాను. బాబాయి చెప్పిపెట్టినట్టే "ఐరీనీ, నీళ్ళు తాగు" అని మూడుసార్లు పిలిచి గుహ ముందు ఇసుక మీద నీళ్ళు వొంపింది. అక్కా, ఆ ఇసుక కాలు పెడితే కాలిపోయేంత వేడిగా ఉంది. ఆ నీళ్ళు ఇంకలేదు. పళ్ళెంలో పోసినట్టు అలాగే నిలబడి, ఆకాశం కనిపిస్తూ ఉండిపోయాయి. తమూత్ పెద్దమ్మ బిందె కింద పెట్టేసి నా వైపు తిరిగింది.

"ఎవరిని పిలిపిస్తున్నారమ్మా నా చేత? ఆ పేరుగల మనిషి ఇక్కడ లేదు."

ఆ రోజునుంచి మిట్టమధ్యాహ్నం అమ్మ గదిలో కూజా ఎండిపోతోంది. పొద్దున నింపి మూత పెడతాను. నీడలు పొట్టివయ్యే వేళకు అడుగున తడి కూడా ఉండదు. కూజా మార్చాను. అదీ అంతే. బాబాయికి చూపించాను. "పిల్లి తాగుంటుంది" అన్నాడు.

"మూత ఎవరు తీశారు?"

"ఈ దేశంలో పిల్లులు దేవతలు కదా, మూత తీసుకోలేవా?" అని నవ్వాడు. నవ్వాడు గాని, ఆ గదిలోకి మళ్ళీ అడుగు పెట్టలేదు.

ఇక అసలు సంగతి. వరద తీశాక ఇల్లు తన దళంలోని స్నేహితుడికి అమ్మేస్తాడట. నేను గ్రీకు కచేరికి వెళ్ళి, ఆయన్ను సంరక్షకుడిగా పక్కన నిలబెట్టుకుని, సరేననాలట. గుహ ఇంటితో పాటే పోతుంది. కొన్నవాడు పెట్టెలు తీయించి తన గాడిదలకు దాణా పోసుకున్నా అడిగేవాళ్ళుండరు. పెట్టె మీద రాత మార్చాలన్నా ఇంటి హక్కుదారే చెప్పాలి. ఇల్లు బాబాయిది కాదు, నాన్నదీ కాదు. అమ్మమ్మ అమ్మకు రాసిచ్చింది.

నన్నేం చెయ్యమంటావు?

నీ జవాబు కోసం కాచుకున్న
చెల్లెలు
మెలిట్ట


అలెగ్జాండ్రియా
అంగళ్ళలో కొత్త అంజూరాలు వచ్చిన వేళ

ముద్దుల చెల్లికి,

నిన్ను పిచ్చిదానివని నేను అనలేదు. దానిమ్మరసం తాగమన్నాను. రెండింటికీ తేడా తెలియనంత కోపం వచ్చిందంటే నువ్వు నిజంగానే తిండి మానేసి ఉంటావు.

ఇక్కడందరం క్షేమం. థేరాన్‌కు ముందు పళ్ళు ఊడాయి. నవ్వితే కిటికీ తెరిచినట్టుంటుంది. వాళ్ళ నాన్న వాడిని ఈ చలికాలం పోకముందే పౌరుల పట్టీలో ఎక్కించాలని తిరుగుతున్నారు. మునుపటిలా కాదు చెల్లీ, ఇప్పుడు గట్టిగా విచారిస్తున్నారు. తండ్రి పౌరుడైతే చాలదు, తల్లి కూడా పౌరురాలి కడుపున పుట్టి ఉండాలి. మొన్న మా వీధిలో ఒకాయన కొడుకును వెనక్కి పంపేశారు. వాళ్ళమ్మమ్మ ఐగుప్తు మనిషని ఎవరో చెప్పారట. ఆ పిల్లాడి తల్లి ఇప్పుడు అదే ఇంట్లో ఉంటోంది గాని, భార్య కాదు. ఏమని పిలవాలో ఎవరికీ తెలియక అందరూ ఆవిడతో మాట్లాడడమే మానేశారు.

నాన్న తోబుట్టువైన అత్తయ్య నన్ను తన కూతురిగా రాయించిన సంగతి ఇక్కడెవరికీ తెలియదు. మా ఆయనకు కూడా తెలియదు. ఇక్కడివాళ్ళకు నువ్వు నా మేనమామ కూతురివి, పోయింది నా మేనమామ భార్య. నేను రెండు రోజులు ముఖం కడుక్కోకుండా కూర్చుంటే మా అత్తగారు "మేనమామ పెళ్ళానికి ఇంత ఏడుపేమిటే" అంది. లేచి ముఖం కడుక్కున్నాను.

అందుకే, అమ్మ పుట్టిన పేరు ఉత్తరంలో రాయకు. పడవవాడికి చెప్పుకుని నా చేతికే ఇప్పించుకుంటున్నాను. అయినా రాయకు.

కూజా సంగతికొస్తే, కొత్త కుండలు చెమరుస్తాయి. ఇసుక కింద రాయి ఉంటే నీరు నిలుస్తుంది. నువ్వు తెలివైనదానివి, ఇవన్నీ నీకు నేను చెప్పాలా? ఇల్లు పోనీ. బాబాయి పక్కన నిలబడి సరేనని, వచ్చే పడవెక్కి ఇక్కడికి రా. నా పక్క గదిలో ఉందువు గాని. ఇక్కడ సముద్రపు గాలి వీస్తుంది, అక్కడిలా కళ్ళలో ఇసుక పడదు. నీకు నచ్చినవాడు దొరికేదాకా పెళ్ళి మాట ఎత్తనివ్వను.

అమ్మ ముఖం నాకు సరిగ్గా గుర్తు లేదు చెల్లీ. పిండి అంటుకున్న చేతులు మాత్రం గుర్తున్నాయి. ఇది చదివాక కాల్చెయ్యి.

నీ మంచి కోరే
అక్క
ఫిలీన


పడమటి గట్టు
నీరు తీసి, బురదలో గింజలు చల్లుతున్న రోజులు

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం కాల్చలేదు. రాతను కాల్చడం ఈ ఇంట్లో నా చేత కాదు.

గుడి వాకిట్లో కూర్చునే లేఖరి పమోంత్ దగ్గరకు వెళ్ళాను. ఎదురుగా ఉల్లిపాయా, రొట్టే పెట్టుకుని తింటున్నాడు. ఇల్లు మా అమ్మదని, దాని మీద నా హక్కు రాయించాలని చెప్పాను. "రాయిద్దాం, ఎప్పుడొస్తావ్?" అన్నాడు నములుతూనే.

"సంరక్షకుడిని తీసుకురావాలా?"

"ఎవరికి?"

"నాకు."

నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఏం, కళ్ళు కనబడవా?"

"కనబడతాయి."

"మాట రాదా?"

"వస్తుంది."

"మరి ఇంకొకడొచ్చి ఏం చేస్తాడు? నీడకోసమైతే గొడుగు తెచ్చుకో."

నాకు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. "మా వాళ్ళలో ఆడది ఒంటరిగా ఇల్లు రాయించుకోలేదు" అన్నాను. ఆయన చేతులు దులుపుకుని, "అది ఆ కచేరిలో, వాళ్ళ భాషలో. ఇక్కడ రాయిస్తే ఇక్కడి న్యాయం. ఏ భాషలో రాయిస్తే ఆ భాష న్యాయమని రాజుగారే చాటింపు వేయించాడు కదా. నీకు రెండూ వచ్చు. ఏ వాకిట్లోకి వెళ్తావో నీ ఇష్టం" అన్నాడు.

అంటే చూడు, వీధికి ఈ పక్క నేను మైనరు పిల్లను. ఆ పక్కకు దాటితే ఇంటి యజమానిని. మధ్యలో ఉన్నది ఒక బురద కాలువ, రెండు బాతులు.

తర్వాత ఆయన రెల్లు కలం తీసి మచ్చుకు మొదటి వరస చెప్పాడు. "ఫలానా స్త్రీ, ఆమె తండ్రి ఫలానా, ఆమె తల్లి ఫలానా." అక్కడ ఆగి తలెత్తి, "తల్లి పేరు?" అన్నాడు.

అక్కా, గ్రీకు దస్తావేజుల్లో తండ్రి పేరు రాస్తారు, సంరక్షకుడి పేరు రాస్తారు. తల్లికి చోటుండదు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్నడిగినవాళ్ళు లేరు. పేరు చెప్పాను. పైకి చెప్పాను. గోడ పక్కన ఎండలో పడుకున్న కుక్క లేచి, నా వెనక ఎవరో వచ్చి నిలబడ్డట్టు ఆ వైపు చూసి తోకాడించింది. నేను వెనక్కి తిరగలేదు.

"ఎంతమంది పిల్లలు ఆవిడకి?" అన్నాడు పమోంత్.

నేను లేచి వచ్చేశాను.

ఇంట్లో బాబాయి గుమ్మంలోనే కాచుకుని ఉన్నాడు. ఎవరో అప్పటికే కబురు మోసేశారు.

"గుడి వాకిట్లో కూర్చున్నావట. బాతులమ్ముకునే వాళ్ళతో పాటు."

"వాళ్ళూ దస్తావేజులు రాయించుకుంటారు బాబాయ్."

"నువ్వు సైనికుడి కూతురివి. ఆ వాకిట్లో పేరు చెప్పుకుంటే రేపటినుంచి నువ్వూ ఐగుప్తు దానివే. మన పిల్లాడెవడూ నిన్ను చేసుకోడు."

"ఇప్పుడు వరస కట్టి నిలబడ్డారా?"

చెయ్యెత్తాడు. అమ్మ గది వైపు చూసి దించేశాడు. "సరే. నీ పిచ్చి నీది. మరి మీ అక్క సంగతి? ఆ కాగితంలో పిల్లల పేర్లు రాయాలి, పెద్దది ముందు. వాళ్ళు ఆ కాగితం కింద గ్రీకులో రెండు వరసలు రాసి దఫ్తరానికి పంపుతారు. అక్కడినుంచి అలెగ్జాండ్రియా ఎంత దూరమనుకున్నావ్?"

బాబాయి నోట మొదటిసారి ఒక నిజం విన్నాను. అందుకే నిన్ను అడుగుతున్నాను. ఇంట్లో సగం నీది. నీ పుట్టిన పేరు తబీకి, నాది తయేసి. నిన్ను తీసుకెళ్ళిన పడవ రేవు వైపే అమ్మ తలుపు పెట్టించుకుంది తెలుసా? ఆ తలుపుకు ఎదురుగా కూర్చునే పిండి కలిపేది. నువ్వే రా. వచ్చి నీ పేరు నువ్వు చెప్పుకో. అబద్ధంలో ఉన్నదానికన్నా నిజంలో నీకు ఎక్కువ ఉంది. ఇక్కడ నువ్వు ఎవరి భార్యవో ఎవరూ అడగరు.

కూజా ఇప్పుడు పొద్దునే ఎండిపోతోంది.

నీ చెల్లెలు
తయేసి


అలెగ్జాండ్రియా

చెల్లీ,

నా పేరు ఎత్తకు. ఆ వాకిట్లో గాని, ఇంకెక్కడైనా గాని ఎత్తకు.

థేరాన్‌ను పట్టీలో ఎక్కించడానికని మొన్న మా ఆయన బంధువులందరూ కూర్చుని నా చేత ప్రమాణం చేయించారు. బలిపీఠం మీద చెయ్యి పెట్టి, నేను అత్తయ్య కడుపున పుట్టానని, వేరే తల్లి నాకు లేదని చెప్పాను. వాళ్ళు అడిగిన తీరులోనే అడిగినన్నిసార్లు చెప్పాను. మా అత్తగారు కౌగిలించుకుని నోట్లో నువ్వుల రొట్టె తుంచి పెట్టింది. ఇప్పుడు నువ్వు ఆ పేరు రాయిస్తే నేను దేవుడి ముందు అబద్ధమాడినదాన్ని. ఆయన నన్ను పంపించెయ్యనక్కర్లేదు, నేను ఈ ఇంట్లో ఎవరినీ కాకుండా పోతాను. థేరాన్ తండ్రి ఉండగానే తండ్రి లేని పిల్లాడవుతాడు. ఇల్లు, గుహ, పెట్టె అంటున్నావు. ఇక్కడ బతికున్న పిల్లాడున్నాడు.

నిజంలో నాకు ఎక్కువ ఉందన్నావు. నీకు చెప్పడం తేలిక. నిన్ను పడవెక్కించలేదు. ఏడేళ్ళ పిల్లను రేవులో కూర్చోబెట్టి, "ఇవాళ్టినుంచి అత్తయ్యే అమ్మ" అన్నప్పుడు గట్టు మీద అమ్మ నిలబడే ఉంది. కాదనలేదు. ఆ సంగతి నువ్వెప్పుడైనా ఆవిడను అడిగావా?

ఇంకొకటి రాయకూడదనుకున్నాను. రాయకపోతే ఊపిరాడడం లేదు. ప్రమాణమైన మర్నాడు మధ్యాహ్నం థేరాన్ పెరట్లో నేలబావి దగ్గర ఆడుకుని వచ్చి, బావి మెట్ల మీద ఒకావిడ కూర్చుందని చెప్పాడు. నీళ్ళు కావాలేమో అని చేద ఇస్తే తీసుకోలేదట. "నువ్వెవరి పిల్లాడివి?" అని అడిగిందట. "లాకాన్ కొడుకుని" అన్నాడట వీడు. "అది కాదు. ఎవరి పిల్లాడివి?" అని మళ్ళీ అడిగిందట. పనిమనిషి ఎవరైనా అయ్యుంటుందని, "ఏ భాషలో మాట్లాడిందిరా?" అన్నాను.

"నువ్వు నిద్దట్లో మాట్లాడే భాషలో" అన్నాడు.

వాణ్ణి కొట్టాను. పెరటి తలుపుకు గడియ వేయించాను. ఇంటి నిండా నీళ్ళున్నా నాకు గుటక దిగడం లేదు.

బాబాయి చెప్పినట్టు చెయ్యి. నీకు దణ్ణం పెడతాను.

ఫిలీన


పడమటి గట్టు
కోతల మొదలు

ప్రియమైన అక్కా,

ఈ పిలుపుతో నీకు రాయడం ఇదే ఆఖరు. ఎందుకో కింద రాస్తాను.

నీ మాట విని బాబాయితో గ్రీకు కచేరికి వెళ్ళాను. నిజంగానే వెళ్ళాను. నీ పిల్లాడు బావి దగ్గర చేద పట్టుకుని నిలబడడం కళ్ళ ముందునుంచి పోలేదు. ఇల్లు పోతే పోయిందనుకున్నాను. ఉతికిన బట్ట కట్టుకున్నాను. బాబాయి దారంతా నాకు ఖర్జూరాలు కొనిపెట్టాడు, చిన్నపిల్లను సంతకు తీసుకెళ్ళినట్టు.

గుమాస్తా నన్ను చూసి పైకి చదువుతూ రాసుకున్నాడు. "మెలిట్ట, తేనె రంగు, గుండ్రటి ముఖం, ఎడమ కనుబొమ మీద మచ్చ. తండ్రి తమ్ముడైన సంరక్షకుడు మెనోన్‌తో కలిసి." గాడిదను కొనేటప్పుడు రాసుకున్నట్టే రాసుకున్నాడు. తర్వాత తలెత్తాడు.

"ఇంటిని అమ్మడానికి ఒప్పుకుంటున్నావా?"

"ఒప్పుకుంటోంది" అన్నాడు బాబాయి.

"ఆమె నోటితో చెప్పాలయ్యా."

నోరు తెరిచాను. మాట రాలేదు. నాలుక ఎండిపోయింది. గుమాస్తా జాలిపడి నీళ్ళిచ్చాడు. గిన్నె మొత్తం తాగాను, గొంతులో తడి తగల్లేదు. ఇంకో గిన్నె తాగాను. నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో నాకు తెలియలేదు. నా లోపల ఇంకడం లేదు, అంతే. అప్పుడు అమ్మకు ఎలా ఉంటోందో తెలిసింది. ఎవరో పిలుస్తున్నారు, ఎవరికో పోస్తున్నారు, అది తను కాదు.

"మూగదా?" అన్నాడు గుమాస్తా.

"సిగ్గు" అన్నాడు బాబాయి.

"మెలిట్టా, ఒప్పుకుంటున్నావా?" అని మళ్ళీ అడిగారు.

"ఆ పేరుగలామె రాలేదు" అన్నాను. గొంతు తిరిగొచ్చింది. బయటికొచ్చి కాలువ దగ్గర కూర్చుంటే బాబాయి నా వెనకే వచ్చి తల మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. కోపం కూడా లేదు ఆయనలో. "మీ అక్క బతుకు బుగ్గి చేస్తావా తల్లీ?" అన్నాడు. తల్లీ అనడం అదే మొదలు.

నువ్వు అడగమన్న ప్రశ్న అమ్మను ఇప్పుడు అడగలేను గాని, తమూత్ పెద్దమ్మను అడిగాను. ఆ రోజు గట్టు మీద ఆవిడ కూడా ఉందట. అమ్మ కాదనలేదు, నిజమే. కాదనడానికి ఆవిడను ఎవరూ అడగలేదు. నాన్న, బాబాయి, అత్తయ్య భర్త కచేరిలో కూర్చుని రాసుకుని వచ్చారు. ఆ కాగితంలో తల్లికి చోటు లేదు. పడవ మలుపు తిరిగేదాకా నిలబడి, ఇంటికొచ్చి పిండి కలిపిందట. నీకు నచ్చే జవాబు కాదిది. నాకూ నచ్చలేదు. అమ్మ ఒక్క అరుపు అరవాల్సింది.

పమోంత్‌ను ఒకటే అడిగాను. "పిల్లల సంగతి నేను చెప్పిందే రాస్తారా?"

"నువ్వు చెప్పిందే రాస్తాను. వాకిట్లో సాక్షులముందు పైకి చదువుతాను. తప్పైతే ఎవరిదైతే హక్కో వాళ్ళొచ్చి ఇక్కడ నిలబడి, తమ పేరు చెప్పి కాదనాలి. ఎవరూ రాకపోతే అదే నిజం."

ఊళ్ళో ముసలివాళ్ళకు నువ్వు గుర్తున్నావు. కాని నీ తరఫున వాళ్ళెవరూ లేవరు, అది వాళ్ళ హక్కు కాదు. నువ్వు రావు. రావాలంటే ఆ పేరుతో రావాలి, ఆ భాషలో కాదనాలి.

తమూత్ పెద్దమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అందులో పెద్దదాని పేరు లేకపోతే నీళ్ళ పిలుపులోనూ ఉండదమ్మా. రేపు ఆ ఒడ్డుకు పోయిననాడు నాది అనేవాళ్ళు దానికి ఉండరు. తల్లి పక్కనుంచి పోతున్నా తల్లికి తెలియదు. ఆలోచించుకున్నావా?"

ఆలోచించుకున్నానని చెప్పాను.

నీ పేరు రాయిస్తే నీ కొడుకు పోతాడు. నా పేరు రాయించకపోతే అమ్మ పోతుంది. నువ్వు దేవుడి ముందు చెప్పిన మాటను నేను ఇక్కడ సాక్షుల ముందు నిజం చేస్తున్నాను. బాబాయి ఇకనుంచి నేను ఆయన వంశం పిల్లను కాదన్నాడు. సరేనన్నాను. ఈ ఉత్తరం నీకు చేరేసరికి దస్తావేజు పూర్తై ఉంటుంది, పెట్టె మీద రాత మారి ఉంటుంది.

సెనమూన్‌కు ఒక్కతే కూతురని రాయిస్తున్నాను. ఆ కూతురు నేను.

సెనమూన్ కూతురు
తయేసి